ఇద్దరి ఫొటో

"ఇద్దరికి ఎంత?" అని అడిగాడు
తిరువల్లిక్కేణిలో మా మేడమెట్ల మీద,
ఆఖరి మెట్టుకు ఒక మెట్టు కింద ఆగి.
పెళ్లివాళ్ల రేటు చెప్పాను.
ఆవిడను కూడా పైకి రమ్మనండి, అన్నాను.
"అది మెట్లెక్కదు సార్."

కిటికీలోంచి వంగి చూస్తే
జిరాక్సు షాపు బోర్డుకు తల ఆనించి
ఒక గోధుమరంగు గుర్రం,
మెడలో ప్లాస్టిక్ మల్లెలు.

అతని పేరు ఆరోగ్యసామి. మాటకో దగ్గు.
గుర్రానికి గిండీ పందాల్లో ఏదో ఇంగ్లీషు పేరుండేదట.
గెలవని పేరును అక్కడే వదిలేసి
మెరీనా ఇసుకలోకి వచ్చింది.
ఇక్కడ జెసింత.
అది ఎవరి పేరని నేను అడగలేదు.

ఒకే షరతు: వెనకాల కశ్మీరు సరస్సు ఉండాలి.
నా స్టూడియోలో ముప్ఫయ్యేళ్లుగా వేలాడే తెర అది,
దాని ముందు నిలబడే
సగం పేట పెళ్లి చేసుకుంది.

తెల్లారి ఐదున్నరకు
సరస్సును చాపలా చుట్టి ఆటోలో పెట్టుకుని
సముద్రానికి పోయాను.
బజ్జీల బండికీ ఐస్‌క్రీం బండికీ మధ్య కట్టాను.
గాలికి సరస్సు పొట్ట ఉబ్బింది.
రోజూ అలల్లో మోకాళ్ల దాకా నిలబడే జంతువు
ఆ రంగునీళ్లను చూసి బెదిరింది.
ముందుకాలెత్తి ఒక్కటి వేసింది.
కశ్మీరు ఇసుకలో బోర్లా పడింది.
ఆరోగ్యసామికి నవ్వు దగ్గయింది, దగ్గు మళ్లీ నవ్వయింది.
"ఉన్న నీళ్లే కానివ్వండి సార్."

గుర్రాన్ని తీయడం నాకు రాదు.
దగ్గరికి పోతే మొహమంతా ముక్కే,
దూరం జరిగితే అతను అగ్గిపుల్ల.
తెల్లచొక్కాకు వెలుతురు సరిచేస్తే గుర్రం చీకటి,
గుర్రానికి సరిచేస్తే చొక్కా మంట.
చెవులు వెనక్కి వాలితే కోపంగా పడుతుందని
అతనే చెప్పాడు.
సుండల్ అమ్మే పిల్లాడికి పది రూపాయలిచ్చి
నా వెనక నిలబడి బిస్కెట్ కవరు నలపమన్నాను.
చెవులు లేచేసరికి అతని కళ్లు మూత,
అతను కళ్లు తెరిస్తే చెవులు పడవల వైపు.
పెళ్లివాళ్లయితే నవ్వమంటాను.
వీళ్లనేమనాలి?

నలభై అయ్యాయి.
అప్పుడు జేబులోంచి దువ్వెన తీశాడు.
తన తలకనుకున్నాను.
కెమెరాను మరిచిపోయి, నాకు వీపు పెట్టి,
దాని నుదుటికి ఎదురుగా నిలబడి
జూలు దువ్వుతూ అన్నాడు:
"ఇక్కడ నిలబడితే నేను దానికి కనపడను సార్,
కళ్లు రెండూ పక్కలకు కదా.
కనపడకపోయినా కదలదు, చూడండి."

చూశాను.
నొక్కాను.

సాయంత్రం బల్ల మీద ప్రింట్లు పరిచాను.
ఆ ఒక్కటీ పైన పెట్టాను, చిన్నపిల్లాడిలా.
"ఇందులో వీపు పడింది" అని పక్కకు తోశాడు.
అతను ఏరుకున్నది:
బిస్కెట్ కవరుకు చెవులు లేచి, మెడ నిటారుగా,
ఎన్నడూ గెలవని పందెం అప్పుడే గెలిచినట్టు జెసింత.
ఫ్రేము అంచున సగం చెంప, ఒక చెవి, కాలరు.
మీరు సరిగా పడలేదండీ, అన్నాను.
"జనం డబ్బులిచ్చేది నాకా సార్?"
పెద్దది ఒకటి, పర్సు సైజు ఒకటి.
అన్నీ పదినోట్లు.
లెక్కపెట్టాక నా వేళ్లకు ఇసుక.

తెరను చాకలికి వేశాను.
ఇసుక పోయింది, ఉప్పు పోయింది,
పడవ పక్కన డెక్క గుర్తు పోలేదు.

నిన్న ఒక కొత్త జంట వచ్చింది.
పెళ్లికూతురి మోచేతి పక్కనే అది పడుతోంది.
కొంచెం ఎడమకు జరగమ్మా అనబోయాను,
అనలేదు.